విజేత నడిచిన పాట

"ఉత్తమ గీతం... కోడీ హాబర్డ్!"

నాష్‌విల్ పాటల పురస్కారాల హాలంతా లేచి నిలబడింది. ఓడిపోయిన డార్లీన్ కూడా మొహాన నవ్వు పులుముకుని లేచింది. విజేత వేదికెక్కేదాకా అతని పాటే వాయించడం ఆనవాయితీ. బ్యాండు మొదలెట్టగానే ఆమె చటుక్కున అటు తిరిగింది.

"ఒసేయ్, ఇది నీ పాట కదే!" అన్నాడు భర్త వేడ్. "తారుమారు చేశారు వెధవలు. ఉండు, వెళ్లి చెప్తా."

"ఆగు. ఒక్కరైనా కనిపెడతారేమో చూద్దాం."

న్యాయనిర్ణేతలు కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. కోడీ మైకు ముందు కన్నీళ్లు తుడుచుకున్నాడు.

"నిజం చెప్తున్నానండీ, నా పాట ఇంత బాగుంటుందని ఇవాళే తెలిసింది!"

హాలు చప్పట్లతో మారుమోగింది.

డార్లీన్ తన కుర్చీ దగ్గరే నిలబడి, మెల్లగా తల వంచి, ఆ చప్పట్లు అందుకుంది.