వేలికొన మీది వెలుగు

స్తమెన్ వ్యాపారం మొదలుపెట్టిననాడు చేతిలో ఉన్నవి ఒక చిన్న సీసా, ఒక ఊదారంగు టార్చి, జంకు లేని నాలుక. బతికున్న కణాలను గుర్తుపట్టడానికి వాటిలోకి ఎక్కించే రేణువులను, ఆ టార్చి వెలుగు పడితే పచ్చగా మెరిసేవాటిని, బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగరపు ప్రయోగశాలలకు అమ్మేవాడు. "హాని ఉండదా?" అని ఎవరడిగినా సీసాలో వేలు ముంచి నాకి చూపేవాడు. బేరం అక్కడికక్కడే కుదిరేది.

ఒక సాయంత్రం, అతని దగ్గర రేణువులు కొనే పరిశోధకురాలు జివ్కా అంది: "బాబాయ్, నీ రేణువుల పైపొర చిట్లిపోతోంది. లోపలి విషం కారి కణాలు చస్తున్నాయి. ఇక ఆ నాకడం మానెయ్."

"నీ కణాలు సుకుమారమైనవమ్మా, నేను మొద్దుని," అని నవ్వేశాడు.

రాత్రి ఇంట్లో మనసు ఊరుకోక టార్చి వేలి మీద వేశాడు. ఎంత కడిగినా గోటి కింద పచ్చగా మెరుస్తూనే ఉంది. రోజూ ఆ వేళ్లతోనే మనవరాలు రద్కాకు వెన్న కారే బానిత్సా రొట్టె తుంచి తినిపిస్తాడు. పరుగున వెళ్లి నిద్రపోతున్న పిల్ల మీద టార్చి వేశాడు. పెదవులు పచ్చగా వెలిగాయి. టార్చి ఆర్పేశాడు.

"తాతయ్యా, ఆ లైటు ఆర్పెయ్యవా? కళ్లల్లో పడుతోంది," అని పిల్ల గొణిగింది.

"ఆర్పేశానమ్మా."

గదంతా చీకటి. దుప్పటి అంచున, పిల్ల పెదవుల దగ్గర మాత్రం, టార్చి లేకుండానే ఒక పచ్చటి వెలుగు పిల్ల ఊపిరితో పాటు పెరుగుతూ, తగ్గుతూ ఉంది. ఇన్నేళ్ల అమ్మకాల్లో స్తమెన్ ఇంటికి తెచ్చుకున్న లాభం అదే.