మా ఆయన చొక్కా

మా ఆయన చొక్కాకి నేను కత్తెర పెట్టగానే, డాబా మీద బొంతలు కుడుతున్న ఆడవాళ్లంతా సూదులు ఆపేశారు. చేపలమ్మే ముసలమ్మ తెచ్చి పరిచిన మెత్తటి బొంత మీదే అందరం కూర్చున్నాం.

"పోయినోళ్ల బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యాలి గానీ, బొంతలో కుట్టుకుంటారేటండీ? అరిష్టం కదా!" అంది ఎదురింటావిడ.

"ఇవ్వను. ఈ చొక్కా నా బొంతలోనే ఉంటుంది. భయమున్నవాళ్లు నా పక్కన కూర్చోవద్దు," అన్నాను.

సీతమ్మధారకి వచ్చాక నాకు దొరికిన స్నేహితులంటే ప్రతి ఆదివారం ఇలా కలిసి బొంతలు కుట్టే వీళ్లే. అయినా చెయ్యి ఆపలేదు. జేబు నీటుగా కత్తిరించి నా బొంత మీద పెట్టాను.

ఇద్దరు లేవబోయారు.

అప్పటిదాకా తల వంచుకుని కుడుతున్న ముసలమ్మ దారాన్ని పళ్లతో తెంపింది.

"ఏడాది బట్టీ మీరంతా పోటీలు పడి కూకుంటన్న ఈ బొంత నాను దేంతో కుట్టాననుకున్నారు? సంద్రం మీద వేటకెళ్లి తిరిగిరాని నా మావ లుంగీలతోనే. మీకెవులికైనా ఏటైనా అయిందేటి?"

ఎదురింటావిడ తన కిందున్న బొంతని అరచేత్తో మెల్లగా తడిమింది.

లేవబోయిన ఇద్దరూ దాని మీదే మళ్లీ కూర్చున్నారు.