మేమేం అన్నాం?

అడవి వాగు దగ్గరికి ఓ కుర్ర నెమలి రోజూ నీళ్లకు వచ్చేది. దానికింకా పింఛం రాలేదు. ఓ ఉదయం గోరువంక దాన్ని చూసి, "ఏయ్ బోడితోకా!" అంది. చెట్టు మీది చిలకలు విరగబడి నవ్వాయి. మధ్యాహ్నానికల్లా ఆ పేరును కొండ అవతలి దాకా మోసేశాయి. నెమలి ఎటు వెళ్లినా అదే అరుపు. సిగ్గుతో అది పొదలో దూరి, నీళ్లకు రావడమే మానేసింది.

ఇది చూసిన ఓ గువ్వ వెళ్లి చిలకలనూ గోరువంకనూ నిలదీసింది.

"మేమేం అన్నాం? విన్నది చెప్పాం, అంతే," అన్నాయి చిలకలు.

"సరదాకి అన్నానమ్మా," అంది గోరువంక.

గువ్వ నేరుగా పొద దగ్గరికి వెళ్లి, "రా నాయనా, నేను పక్కనే ఉంటా," అని నెమలిని బయటికి తీసుకొచ్చింది. దాహంతో అది తూలుతూ నడిచింది. చూడగానే చిలకలన్నీ వాగు గట్టున మూగి, "అయ్యో పాపం! ఎవరు చేశారీ ఘోరం!" అని అడవి దద్దరిల్లేలా అరిచాయి. అందరికంటే గట్టిగా గోరువంక ఏడ్చింది.

"జాలి తర్వాత పడుదురు గానీ, కాస్త పక్కకు జరగండి," అంది గువ్వ. "ముందు వాడు నీళ్లు తాగాలి."