అల్లుడి చెవులు

"బుగ్గన ఓ సొట్ట కూడా పెట్టించేద్దాం. ఏమంటావమ్మా?" అంది వియ్యపురాలు.

"సరే అత్తయ్యా," అంది కోడలు.

పక్కనే కూర్చున్న కోడలి తల్లికి ఉసూరుమనిపించింది. మళ్లీ సరే!

అల్లుడితో కలిపి ఆ నలుగురూ వచ్చింది పుట్టబోయే బిడ్డల జన్యువులు సరిదిద్దే ఆస్పత్రికి. అల్లుడి వైపు ఓ రక్తం జబ్బు తరాల తరబడి వస్తోంది. పిండం ఇంకా గాజుగిన్నెలో ఉండగానే ఆ ఒక్క లోపం దిద్దేస్తే పీడ విరగడవుతుంది. దాన్ని ఎవరూ కాదనలేదు. నర్సు దారి చూపించబోయేలోపే తల్లి గబగబా నడిచి సరైన తలుపు తోసింది కూడా.

కానీ డాక్టరమ్మ ఊరుకుందా? "ఎలాగూ దిద్దుతున్నాం కదా, ఇంకేమైనా కావాలంటే ఇప్పుడే చెప్పండి," అంది. అంతే, వియ్యపురాలికి రెక్కలొచ్చాయి. చీరల కొట్లో కూర్చున్నట్టు సర్దుకు కూర్చుని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. బిడ్డ పొడుగ్గా ఉండాలి. సరే. లెక్కలు బాగా రావాలి. సరే. గురక రాకూడదు. దానికీ సరే.

ఈ పిల్ల బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇంతే. ఏ గౌను తొడిగితే ఆ గౌను, ఏ బళ్లో వేస్తే ఆ బడి. ఇరుగుపొరుగు తల్లులు కుళ్లుకునేవారు. "మీకేమండీ, బంగారుతల్లిని కన్నారు," అనేవారు. పెళ్లికొడుకు ఫొటో చూపించినప్పుడు మాత్రం, "నచ్చకపోతే నచ్చలేదని చెప్పవే, నేనేం అనుకోను," అని తల్లి బతిమాలింది. "సరే అమ్మా, నచ్చాడు," అంది పిల్ల. నిజంగా నచ్చాడో లేదో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇవాళ ఆవిడ ఒకే ఒక్క మాట కోసం కాచుకుని కూర్చుంది. ఈ బేరాల మధ్య కూతురు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి "వద్దు" అనాలి. తనే అడ్డుపడొచ్చు కదా అంటారా? పడొచ్చు. తను వద్దంటే, కూతురు "సరే అమ్మా" అంటుంది. అదీ ఒక వద్దేనా? అందుకే నోరు కుట్టేసుకుని కూర్చుంది. కాలు మాత్రం కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడిపోతోంది.

"ఇంక ఆఖరిది," అని వియ్యపురాలు గొంతు తగ్గించింది. "ఆ చెవులు."

అందరూ అల్లుడి వైపు తిరిగారు. చేటల్లాంటి చెవులు. అతను గుమ్మంలోకి వస్తుంటే ముందు అవే వస్తాయి. పాపం, గబుక్కున రెండు చేతులతో మూసుకున్నాడు.

"నిజమే డాక్టర్. బళ్లో నన్ను ఏమని పిలిచేవాళ్లో చెప్తే మీరూ నవ్వుతారు. నా బిడ్డకి ఆ ఏడుపెందుకు? తీసేయండి."

"చెవులు తీసెయ్యం సార్, చిన్నవి చేస్తాం," అంది డాక్టరమ్మ.

"అదే, అదే. నువ్వేమంటావ్?" అని చేతులు దించి భార్యని అడిగాడు.

కూతురు నోరు తెరిచింది. తల్లి కళ్లు గట్టిగా మూసుకుంది.

ఏమీ వినబడలేదు. ఆవిడ ఒక కన్ను తెరిచి చూసింది. కూతురు మొగుడి చెవుల వంకే చూస్తోంది. సిగ్గుపడితే వాటి అంచులు ఎర్రబడతాయి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి.

"వద్దు," అంది.

"ఏంటమ్మా?" అంది వియ్యపురాలు, తను సరిగ్గా వినలేదనుకుని.

"చెవులు అలాగే ఉండనివ్వండి అత్తయ్యా. నాకు ఇష్టం. ఫొటోలో నేను ముందు చూసింది వాటినే." తన మాటకి తనే జడుసుకున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆ చెయ్యీ తీసేసింది. "సొట్టా వద్దు. లెక్కలు రాకపోతే ట్యూషన్ పెట్టిద్దాం. గురక పెడితే తట్టి పక్కకి తిప్పుతాను. డాక్టర్‌గారూ, ఆ జబ్బొక్కటీ తీసేయండి. మిగతాదంతా ఎలా వస్తే అలా రానివ్వండి!"

"పోనీ, పొడుగన్నా..." అంది వియ్యపురాలు దీనంగా.

"పొడుగూ వద్దు!"

తల్లికి కిసుక్కున నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఎన్నేళ్లయిందో అంత సంతోషం చూసి! కుర్చీలోంచి లేచి కూతురి బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మళ్లీ అనవే."

"ఏమనాలమ్మా?"

"ఆ మాటే. నాతో కూడా అను. ఇంటికెళ్లాక గ్లాసుడు పాలు తాగుతావా?"

"వద్దు."

"కాసేపు పడుకుంటావా?"

"వద్దు!"

"పోనీ, అమ్మ చెప్పినట్టు వింటావా?"

"విననంటే వినను!"

తల్లీకూతుళ్లు ఒకరి మీద ఒకరు పడి పగలబడి నవ్వారు. ఎందుకో తెలియకపోయినా అల్లుడూ చెవులు ఊపుకుంటూ నవ్వాడు. డాక్టరమ్మ కూడా నవ్వాపుకోలేక కంప్యూటరు వెనక తల దాచుకుంది.

వియ్యపురాలు ముక్కున వేలేసుకుంది. "ఇదేం చోద్యం వదినగారూ! పిల్ల పెద్దవాళ్ల మాట తీసిపారేస్తుంటే, మందలించాల్సింది పోయి ముద్దులాడతారేంటి?"

తల్లి కూతుర్ని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

ఈ కూతురు కడుపులో పడకముందు, ఇదే ఆస్పత్రిలో, ఇదే గదిలో, "ఎదురుచెప్పని పిల్ల కావాలి డాక్టర్‌గారూ" అని కోరి మరీ దిద్దించుకున్నది ఆవిడే.