ముందు వరస చప్పట్లు

మొదటి పాట ఇంకా రెండో చరణంలో ఉండగానే ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. గాయకుడి చెవుల్లో పాటా వాయిద్యాలూ మాత్రమే వినిపించే ఇయర్ మానిటర్లు బిరడాల్లా బిగించి ఉన్నాయి కాబట్టి చప్పుడు వినపడలేదు గానీ, కనపడింది. కొడుతున్నది ఇంకెవరో కాదు, సాక్షాత్తూ కన్నతండ్రి.

ఎనభై కుర్చీల హాలు. ఎనభై తలకాయలూ అటే తిరిగాయి. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. గాయకుడికి తల కొట్టేసినట్టయింది. వెనక గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మేనేజరమ్మ కూడా చూడనే చూసింది. ప్రతి శనివారం ఈ హాల్లో పాడే అవకాశం వీళ్లకివ్వాలా, ఇంకో బృందానికివ్వాలా అని ఇవాళ తేల్చేది ఆవిడే మరి.

ముప్ఫయ్యేళ్లు మరమగ్గాల మోతలో పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఇంట్లో ఆయన టీవీ పెడితే వీధి చివరిదాకా వినపడాల్సిందే. అలాంటాయనకి ఎక్కడ చప్పట్లు కొట్టాలో, ఎక్కడ ఊరుకోవాలో ఏం తెలుస్తుంది?

ఎలాగో పాట ముగించాడు. అతని కాలి దగ్గర ఒక స్విచ్ ఉంది. అది నొక్కి మైకులో మాట్లాడితే ఆ మాట హాల్లోకి పోదు. చెవుల్లో మానిటర్లు పెట్టుకున్నవాళ్లకి మాత్రమే వినపడుతుంది. అంటే కీబోర్డాయనకీ, డ్రమ్ములాయనకీ, హాలు చివర మిక్సరు ముందు కూర్చున్న బావకీ. బావంటే అక్క మొగుడే. ఈ బృందానికి సౌండంతా ఆయన చేతిలోనే ఉంటుంది. తిరిగి జవాబు చెప్పడానికి ఆయన దగ్గరా అలాంటి మైకే ఉంది.

గాయకుడు మంచినీళ్లు తాగుతున్నట్టు గ్లాసు అడ్డం పెట్టుకుని స్విచ్ నొక్కాడు.

“బావా, నాన్నని ముందు వరసలో ఎవరు కూర్చోబెట్టారు?”

“నేనే బామ్మర్దీ. నీ పాట వింటాడని.”

“వినడమా? నా తలకాయ! చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అది. జనం నవ్వుతున్నారు, చూడు.”

బావ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. సరేలే, నేను చూసుకుంటాలే అంటున్నాడనుకున్నాడు గాయకుడు.

ఎక్కడా చూసుకున్నట్టు లేదు. రెండో పాటలో గొంతు పైకి తీసుకెళ్లి, అక్కడే నిలబెట్టి, మెల్లగా కిందికి దించాడో లేదో, ఏసీ చలికి తలంతా మఫ్లర్ చుట్టుకున్న ఆ పెద్దమనిషి తొడ మీద చరిచి నోరారా ఏదో అరిచాడు. పెదాలు చూస్తే ‘భేష్’ అన్నట్టుంది. ఈసారి మూడు వరసలు గొల్లుమన్నాయి. గాయకుడి మొహం కందగడ్డయింది. ఈయన నా తండ్రని ఈ జనానికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా అనుకున్నాడు. మళ్లీ గ్లాసు ఎత్తాడు, స్విచ్ నొక్కాడు.

“బావా, నీకు దణ్ణం పెడతాను. ఆయన్ని లేపి బయట కూర్చోబెట్టు. నా పరువు నిలువునా తీస్తున్నాడు. ఎవరన్నా అడిగితే ఆయనెవరో నాకు తెలీదని చెప్పు.”

కీబోర్డాయన ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

మూడో పాట ఎత్తుకుని చూస్తే తండ్రి చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. చప్పట్లూ లేవు, భేషులూ లేవు. బావ ఎవరిచేతో చెప్పించి ఉంటాడు. గాయకుడికి ప్రాణం లేచొచ్చింది. ఇక వెనక్కి చూసుకోకుండా పాడాడు. ఆఖరి పాటకి హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. లేవనిదీ, కొట్టనిదీ ఒక్క తండ్రే. కొట్టాల్సినప్పుడేమో కొట్టడు, ఈయనతో ఎప్పుడూ ఇదే గోల అని విసుక్కున్నాడు.

మేనేజరమ్మ స్టేజి దగ్గరికి వచ్చింది.

“శనివారాలు మీవేనండీ. అన్నట్టు, ముందు వరసలో ఆ పెద్దాయనెవరు?”

“ఆయనా... ఎవరోనండీ. తెలీదు.”

“సంగీతం తెలిసినాయనలా ఉన్నారే! ఆయన మెచ్చుకున్న చోట్లు చూశారా? నాకూ సరిగ్గా అక్కడే ఒళ్లు జలదరించింది. మేమే తెలివితక్కువగా నవ్వాం.”

ఆవిడ వెళ్లిపోయింది. సొంత తండ్రిని పట్టుకుని ఎంత మాటన్నాను అని అతనికి తనమీద తనకే రోత పుట్టింది. మానిటర్లు తీసి పెట్టెలో పెడుతూ, వైర్లు చుట్టుకుంటున్న బావ వైపు తిరిగాడు.

“నాన్నకి ఎవరితో చెప్పించావు బావా? పాపం, గట్టిగా కసిరారా ఏమిటి?”

బావ తలెత్తలేదు. “నేనెవరితోనూ ఏమీ చెప్పించలేదు” అన్నాడు.

ఈలోగా తండ్రి మెట్లు పట్టుకుని స్టేజి ఎక్కాడు. మెల్లగా మఫ్లర్ విప్పాడు. కుడి చెవిలోంచి ఒకటి, ఎడమ చెవిలోంచి ఒకటి ఇయర్ మానిటర్లు ఊడదీసి, వాటి రిసీవరుతో సహా కొడుకు చేతిలో పెట్టాడు.

“మీ బావ సౌండు నిండా పెట్టి ఇచ్చాడురా, ఇన్నేళ్లకి నీ గొంతు విన్నాను” అని కొడుకు భుజం తట్టి, “కంగారుపడకు నాన్నా, నాకు పాటలే వినపడ్డాయి... మధ్యలో నువ్వన్నవేవీ వినపడలేదులే” అన్నాడు.