కెప్టెన్ గోరీ

సినిమాహాలు నుంచి వస్తూనే నదీర్ వంటింట్లో కూలబడ్డాడు.

“ముప్ఫై ఏళ్లు ఎదురుచూశానమ్మా! మొదటి భాగంలో అంతరిక్షంలో తప్పిపోయిన కెప్టెన్ ఇప్పుడు తిరిగొస్తాడనుకున్నా. పది నిమిషాలకే శవాన్ని చూపించి పూడ్చేశారు.”

తల్లి బఠాణీలు ఒలవడం ఆపింది. “ఆ శవం అతనిదేనా? సరిగ్గా గుర్తుపట్టారా?”

“అతనిదే.”

“గోరీ కట్టారా? పేరు రాశారా?”

“అన్నీ చేశారు. చెత్త సినిమా!”

“రేపు నన్ను తీసుకెళ్లు.”

అల్జీర్స్‌లో పుట్టి పెరిగినా ఆమె ఏనాడూ సినిమాహాలు గడప తొక్కలేదు. మర్నాడు మ్యాట్నీలో, తెరమీద కెప్టెన్‌ని మట్టిలోకి దించుతుంటే, లేచి నిలబడి అరచేతులు చాచి చనిపోయినవాళ్ల కోసం చేసే ఫాతిహా ప్రార్థన గట్టిగా చదవసాగింది.

“కూర్చో ఖాలా, చచ్చింది బొమ్మలో మనిషి!” అని వెనక ఎవరో నవ్వారు.

ఆమెను కూర్చోబెట్టబోయిన నదీర్ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆమె దువాలో పలికిన పేరు ఫొదీల్.

ఫొదీల్ అతని అన్న. తమ్ముణ్ణి మొదటి భాగానికి తీసుకెళ్లింది అతనే. ఆ వారంలోనే ముసుగులవాళ్లు వచ్చి అతన్ని ఇంట్లోంచి పట్టుకుపోయారు.

బతికున్నవాడికి ఫాతిహా ఏమిటని, ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరినీ చదవనివ్వనిది ఈ తల్లే.