నాలుగో స్థానం

"ఐదో స్థానంలోని పాట విన్నారు. ఇక మూడో స్థానం!" అన్నాడు రేడియో యాంకర్ మైకులో. చేతిలోని జాబితాలో నాలుగో పాట స్పష్టంగానే ఉంది.

పాట మొదలవగానే డైరెక్టరమ్మ స్టూడియోలోకి దూసుకొచ్చింది.

"ఒకసారి పప్పులో కాలేస్తే పొరపాటనుకుంటాను. నాలుగు వారాలుగా అదే పప్పులో అదే కాలా? నాలుగో పాటని తొక్కెయ్యమని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్." అతని చూపు మాత్రం బల్లమీది ఫోన్‌ని వదలడం లేదు.

ఆమె అనుమానం గట్టిపడింది. అంతలో ఫోన్ మోగింది. అతని చెయ్యి పడేలోపే ఆమె లాక్కుంది. పాట తొక్కెయ్యమన్నవాడు దొరికాడనుకుంది.

"ఐదు తర్వాత మూడేంటమ్మా?" ఓ ముసలి గొంతు కస్సుమంది. "వాడికి అంకెలు దిద్దించింది నేనే, నా పరువు తీస్తున్నాడు! పదకొండేళ్లయింది వాడి మొహం చూసి, ఇక చూడను కూడా." గొంతు కాస్త తగ్గింది. "ఇన్ని తప్పులేంటి? ఒంట్లో బాగానే ఉందా వాడికి? నేనడిగానని మాత్రం చెప్పకండి."

ముసలాయన ఫోన్ పెట్టేశాడు.

"ఎవరాయన?"

"మా అన్నయ్య. ఇంటికెళితే తలుపు తియ్యడు. మొదటివారం నిజంగానే తడబడ్డాను మేడమ్. తిట్టడానికి ఫోన్ చేశాడు." యాంకర్ తల దించుకున్నాడు. "ఈ వారం ఏమన్నాడు?"

డైరెక్టరమ్మ ఫోన్‌ని అతని ముందుకి జరిపింది.

"బాగా తిట్టారు. మీ ఒంట్లో ఎలా ఉందో మాత్రం తను అడగలేదని చెప్పమన్నారు."